సగం లెక్క

మార్చి 3

అక్కయ్యకి,

నమస్కారం. ఫోన్లో నీతో మాట్లాడాలంటే నేను అరవాలి, నువ్వు "ఆఁ?" అనాలి, మధ్యలో మా వీధి వీధంతా మన ఇంటి సంగతులు వినాలి. అందుకే మళ్ళీ కాగితం పట్టుకున్నాను. నీ చెవులు మొరాయించినా కళ్ళు మాత్రం అలాగే ఉన్నాయని తెలుసు. తప్పులుంటే దిద్ది వెనక్కి పంపకు.

నిన్న పోర్టు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. నా వెన్ను ఆపరేషనై పద్నాలుగు నెలలైంది కదా, ఇక నా సంగతి తేల్చేస్తారట. జూన్ ఇరవైన మెడికల్ ఆఫీసరు కింద నిలబడి చూస్తుండగా నేను నా క్రేను ఎక్కాలి. కొత్త క్రేన్లకి లిఫ్టులున్నాయి, మాది పాతది. నేల నుంచి నా గదిదాకా నిటారుగా నూట ఇరవై ఆరు ఇనప మెట్లు. భుజాన ఎనిమిది కిలోల సంచి. ఎక్కితే నా కుర్చీ నాది. ఎక్కలేకపోతే గేటు దగ్గర అద్దాల గదిలో కూర్చుని లారీల నంబర్లు రాసుకోవాలి.

ఆ కాగితం జేబులో పెట్టుకుని మా క్వార్టర్స్ మెట్లు ఎక్కాను. మాది మొదటి అంతస్తు, పదహారు మెట్లు. తొమ్మిదో మెట్టు దగ్గర ఊపిరందక కమ్మీ పట్టుకుని నిలబడిపోయాను. పైనుంచి దిగుతున్న రెండో అంతస్తు పెద్దాయన, చేతికర్ర మనిషి, పక్కకి జరిగి "ముందు మీరు రండి బాబూ" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మొదట్లో డాక్టర్లే కదలొద్దన్నారు. మూడు నెలలయ్యాక కదలమన్నారు, కానీ అప్పటికి మంచానికీ నాకూ బాగా స్నేహం కుదిరిపోయింది. రేపట్నుంచి, రేపట్నుంచి అనుకుంటూ ఇంతదాకా వచ్చాను. మీ మరదలు లాండ్రీలో పొద్దుటి షిఫ్టుకి వెళ్తూ "కాస్త నడవండి" అని చెప్పి వెళ్తుంది. మధ్యాహ్నం వచ్చి గుమ్మంలో నా చెప్పులు పెట్టినచోటే ఉన్నాయా అని చూస్తుంది. ఏమీ అనదు. తిట్టినా బాగుండును.

ముప్పయ్యేళ్ళు ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరుగా చేశావు. ఎంతమందినో పరిగెత్తించావు. నన్ను కూడా లేపు అక్కా. నా అంతట నేను లేవలేనని పద్నాలుగు నెలల్లో తేలిపోయింది.

నీ తమ్ముడు
నత్త


మార్చి 9

చిరంజీవి నత్తకి,

ఆశీస్సులు. తప్పులు నాలుగు. దిద్దాను, పంపడం లేదు.

ఏడుపు ఉత్తరం రాసినందుకు ముందు తిడదామనుకున్నాను. రెండోసారి చదివితే తిట్టబుద్ధి కాలేదు. యాభై రెండేళ్ళకే మెట్ల మీద దారి ఇప్పించుకోవడమేమిట్రా. చిన్నప్పుడు బడికి నిన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది నేనే, ఇప్పుడూ నాకు తప్పేలా లేదు.

మా బడిలో నా పద్ధతి ఒకటుండేది. బలహీనంగా ఉన్న పిల్లని గట్టి పిల్లతో జోడీ కట్టేదాన్ని. గట్టిది ఎంత చేస్తే రెండోది అందులో సగం చెయ్యాలి. ఒకటి తగ్గకూడదు, ఒకటి పెరగకూడదు. తగ్గితే బద్ధకం, పెరిగితే పొగరు. రెండింటికీ నా దగ్గర ఒకటే శిక్ష ఉండేది, గోడ పక్కన నిలబెట్టడం. ఒంటరిగా చెయ్యమంటే ఏ పిల్లా చెయ్యదు. పక్కన ఇంకొకరు చేస్తున్నారంటే మాత్రం సిగ్గుకైనా చేస్తుంది. ఇప్పుడు బలహీనమైన పిల్లవి నువ్వు, గట్టి పిల్లని నేను.

మీ బావ పోయాక నేను మూలన పడతానని అందరూ అనుకున్నారు. పడలేదు. నా ఇల్లు మూడో అంతస్తని నీకు తెలుసుగా, వీధిదాకా యాభై నాలుగు మెట్లు. పొద్దున ఆరింటికి దిగి, పార్కు చుట్టూ ఒక చుట్టు తిరిగి, ఎక్కుతాను. మళ్ళీ ఒకసారి దిగి ఎక్కుతాను. అంటే నా లెక్క నూట ఎనిమిది. నీ లెక్క యాభై నాలుగు. ఉదయం సగం, సాయంత్రం సగం చెయ్యి. ఊపిరాడకపోతే ఆగు. సంచి గించి ఏదీ భుజాన వేసుకోకు, ఎప్పుడు వేసుకోవాలో నేను చెబుతాను.

పార్కులో కింది బెంచీకి నిన్న ఆకుపచ్చ రంగు వేశారు. ఎవరైనా చూసుకోకుండా కూర్చుంటారేమోనని పాత పేపరొకటి పరిచి పెట్టారు. ఆరున్నరకి పాల బండి వస్తుంది. దాని వెనకే పేపర్ల కట్టలు. నేను రెండో చుట్టు దిగేసరికి కింద దర్జీ ఆవిడ షట్టరు ఎత్తుతూ ఉంటుంది. ఆ టైముకి నువ్వు కూడా అక్కడ మెట్ల మీద ఉన్నావనుకుంటాను. ఉండాలి మరి.

మరదలికి ఆశీస్సులు. చెప్పులు గుమ్మంలో కాదు, నీ కాళ్ళకి ఉండాలని చెప్పు.

మీ అక్క


ఏప్రిల్ 2

అక్కయ్యకి,

నమస్కారం. మీ బడిలో పిల్లలు నిన్ను చాటుగా ఈల టీచరు అనేవారని ఒకసారి బావ చెప్పాడు. ఆ ఈల ఇంతదూరం వినిపిస్తోంది నాకు. ఆరవుతుందంటే మెలకువ వచ్చేస్తోంది. నువ్వు దిగుతున్నావనుకుంటాను. పార్కు గేటు తెరిచావు, ఆకుపచ్చ బెంచీ దాటావు, పాల బండి వచ్చింది అనుకుంటూ ఎక్కుతాను.

నీ మాట ప్రకారం సగమే చేశాను. యాభై నాలుగు. మొదటి వారం కాళ్ళు నావి కాకుండా పోయాయి, ఇప్పుడు బాగానే ఉన్నాయి. మీ మరదలు వారం రోజులు నమ్మలేదు. తర్వాత ఓ మధ్యాహ్నం వచ్చి, గుమ్మంలో చెప్పులు లేకపోయేసరికి, నాకేదో అయిపోయిందనుకుని మేడ మీదకి పరిగెత్తుకొచ్చింది. నేను నాలుగో అంతస్తు చివర కూర్చుని చెమట తుడుచుకుంటున్నాను. నన్ను చూసి తనూ పక్కన కూర్చుంది. ఆ రోజు నాకు అన్నం సహించింది.

ఆ కుర్చీ మీద అంత మమకారమేమిటని మీ మరదలి తమ్ముడు అడిగాడు, జీతంలో పెద్ద తేడా లేదు కదా అన్నాడు. ఏం చెప్పను. ఇరవై రెండేళ్ళు ఆ గదిలో కూర్చున్నాను అక్కా. నలుగురిలో నాకు మాట పెగలదు, నీకు తెలుసు. అక్కడ మాటతో పని లేదు. ఓడలోంచి ఇరవై టన్నుల పెట్టె లేపి లారీ మీద పెడితే, లారీలో డ్రైవరుకి పెట్టిన సంగతి తెలియకూడదు. తెలియకుండా పెట్టగలిగేవాళ్ళం రేవు మొత్తానికి ఇద్దరమో ముగ్గురమో ఉన్నాం. నేను బాగా చేసే పని ప్రపంచంలో అదొక్కటే. గేటు గదిలో కూర్చుంటే ఆ లారీలన్నీ నా ముందునుంచే పోతాయి, ప్రతివాడూ అద్దంలోంచి చూసి "పాపం" అనుకుంటాడు. ఆ పాపం నాకొద్దు.

లెక్క పెంచు. నేను తట్టుకోగలను.

నీ తమ్ముడు


ఏప్రిల్ 10

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మరదలు పక్కన కూర్చుందన్న చోట ఆగి కళ్ళజోడు తుడుచుకోవాల్సి వచ్చింది. అద్దాలు మురికయ్యాయిలే.

సరే, పెంచుతున్నాను. నేను ఇప్పుడు నాలుగుసార్లు దిగి ఎక్కుతున్నాను. నా లెక్క రెండువందల పదహారు. నీది నూట ఎనిమిది. మోకాళ్ళు కిర్రుమంటున్నాయి గానీ ఆగడం లేదు. ఎండలు ముదురుతున్నాయి, నువ్వు మాత్రం నీళ్ళ సీసా వెంట పెట్టుకో.

మా బడిలో ఒక పిల్ల ఉండేది. సన్నగా, పుల్లలా. జోడీ పిల్ల పది బస్కీలు తీస్తే ఐదు తియ్యాలి. ఐదూ తీసి నాకు చూపించి, నేను అటు తిరగ్గానే చాటుగా ఇంకో ఐదు తీసేది. సగం చాలని ఒప్పుకోవడానికి దానికి మనసొప్పేది కాదు. ఓ రోజు కళ్ళు తిరిగి పడింది. హెడ్మిస్ట్రెస్ ముందు తలవంచుకుని నిలబడింది దాని బదులు నేను. అందుకే చెబుతున్నాను, సగమంటే సగమే.

మీ అక్క


ఏప్రిల్ 25

అక్కయ్యకి,

నమస్కారం. బూట్లు నీకు అందాయని తెలిసింది. మా లారీ డ్రైవరొకడు మీ ఊరు లోడు వేసుకొస్తుంటే వాడి చేతికిచ్చి పంపాను. నడకకని ప్రత్యేకంగా చేసినవట, అడుగు మెత్తగా ఉంటుంది. అరవై నాలుగేళ్ళ మనిషి పాత చెప్పులతో రోజుకి నాలుగుసార్లు మెట్లెక్కుతుంటే ఇక్కడ నాకు కాళ్ళు లాగుతున్నాయి.

పొద్దున ఆరున్నరకి వెళ్తే పార్కులోనే దొరుకుతుందని వాడికి చెప్పి పంపాను. పార్కులో కనపడలేదట. కింద దర్జీ ఆవిడని అడిగితే ఆవిడ పైకి గట్టిగా చప్పట్లు కొట్టిందట, నువ్వు కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట దించావట, బూట్లు అందులో వేస్తే పైకి లాక్కున్నావట. వాడు వచ్చి నవ్వుతూ చెప్పాడు. నేనన్నాను, ఒరేయ్, అన్నిసార్లు ఎక్కి దిగిన మనిషి మళ్ళీ నీకోసం ఏం దిగుతుందిరా, బుట్ట దించిందంటే అది తెలివి అని. నిజానికి నాకే కొంచెం మనసు కష్టమైంది. నేను పంపిన మనిషిని ఒక్క మాటైనా పలకరించలేదే అనుకున్నాను. అంతలోనే సర్దుకున్నాను. నీకు వినపడదు, వాడేం మాట్లాడినా నీకు ఇబ్బందే.

నూట ఎనిమిదీ చేస్తున్నాను. రెండో అంతస్తు పెద్దాయన తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు, నేను వెళ్ళినప్పుడల్లా వేలు మడుస్తాడు. నేను ఆయనకి దారివ్వడం మొదలుపెట్టాను.

ఇంకా యాభై ఆరు రోజులున్నాయి.

నీ తమ్ముడు


మే 2

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. బూట్లు అందాయి. సరిగ్గా సరిపోయాయి. ఆ డ్రైవరుకి నా తరఫున చెప్పు, అప్పటికే స్నానానికి వెళ్ళబోతున్నానని. ఏమీ అనుకోవద్దను. ఇకమీదట ఎవరినీ ఇలా పొద్దున్నే పంపకు. ఏ వేళప్పుడు ఎలా ఉంటానో నాకే తెలియదు.

ఆ బూట్లతో ఆరుసార్లు ఎక్కుతున్నాను. నా లెక్క మూడువందల ఇరవై నాలుగు. నీది నూట అరవై రెండు. ఇక పెంచను, పరీక్షదాకా ఇదే నీ కొలత. సంచి మాట జూన్ మొదటి వారంలో చూద్దాం, రెండు కిలోలతో మొదలుపెడదాం.

నడుం ఎలా ఉందో రాయవు. ఎన్ని మెట్లు ఎక్కావో రాస్తావు గానీ ఎక్కాక ఎలా ఉందో రాయవు. అది రాయి.

మీ అక్క


మే 24

అక్కయ్యకి,

ఇది మీ మరదలి చేతిరాత. నేను పడుకుని చెబుతున్నాను, తను రాస్తోంది. కంగారు పడకు, ప్రాణానికేం లేదు.

మొన్న పద్దెనిమిదిన మా మూడో అంతస్తు మలుపు దగ్గర నడుం పట్టేసింది. కాదు, పట్టెయ్యడం కాదు, లోపల ఏదో తెగినట్టయింది. భుజాన ఇసక సంచి ఉంది. ఎనిమిది కిలోలు. దాంతో సహా ఆరు మెట్లు కిందికి జారాను. పెద్దాయన అరిస్తే నలుగురొచ్చి దించారు. ఆపరేషను చేసినచోట కండ చీలిందన్నారు. రెండు నెలలు మంచం. పరీక్ష ఆగస్టు ముప్పయ్యికి జరిపారు. అదే ఆఖరట, మళ్ళీ జరపరట.

ఇప్పుడు నువ్వు తిట్టాల్సిన సంగతి చెబుతాను. నేను సగం ఎప్పుడూ చెయ్యలేదక్కా. మొదటి రోజు నుంచీ నీ లెక్కే చేశాను. నీది నూట ఎనిమిదైతే నేను నూట ఎనిమిది, రెండువందల పదహారైతే రెండువందల పదహారు. నీకు మాత్రం సగం రాశాను. నాకంటే పన్నెండేళ్ళు పెద్దదానివి, మోకాళ్ళు కిర్రుమంటున్నా ఆగనంటున్నావు, నేను మగాణ్ణి, అందులో సగం చేసి చేతులు దులుపుకోవడానికి నాకు మొహం చెల్లలేదు. మూడువందల ఇరవై నాలుగు నావల్ల కాలేదు. నాలుగు రోజులు చేశాను, ఐదో రోజు సంచి కూడా వేసుకున్నాను.

(వదినా, నాకు కూడా సగమనే చెప్పారు. నేనూ నమ్మాను.)

నీ తప్పేం లేదు. నువ్వు సరిగ్గానే చెప్పావు. కానీ ఒక్కటే నన్ను తినేస్తోంది. అరవై నాలుగేళ్ళ ఆడమనిషి రోజూ చేసే పని నేను చెయ్యలేకపోయాను. ఇక ఆ క్రేను ఏం ఎక్కుతాను. ఆగస్టు పరీక్షకి వెళ్ళనని రాసిద్దామనుకుంటున్నాను.

నీ తమ్ముడు


మే 30

తమ్ముడూ,

రాసివ్వకు. ముందు ఇది చదువు.

నేను మెట్లు దిగలేదు. రెండుసార్లూ లేదు, నాలుగుసార్లూ లేదు, ఆరుసార్లూ లేదు. రెండేళ్ళ ఏడు నెలలుగా నేను ఈ ఇల్లు దాటలేదు. పార్కు బెంచీ, పాల బండి, పేపర్ల కట్టలు అన్నీ కిటికీలోంచి చూసి రాశాను. సరుకులు బుట్టలో వస్తాయి, చెత్త బుట్టలో పోతుంది. బూట్లు పెట్టెలోంచి తియ్యలేదు.

నీకు ఎన్ని మెట్లు మంచివో ముందు ఆలోచించేదాన్ని. దాన్ని రెండింతలు చేసి నా పేరున రాసేదాన్ని. నా లెక్క నీ లెక్క కోసం పుట్టించింది. నువ్వు నా లెక్క పట్టుకుంటావని ఒక్కసారైనా తట్టలేదు. ఆ పుల్లలాంటి పిల్ల కథ నీకు రాసి కూడా నాకు తట్టలేదు. నువ్వు ఓడిపోయింది అక్కతో కాదు. అక్కడ ఎవరూ లేరు.

ఎందుకు దిగలేదో కూడా చెప్పాలి. మీ బావ మెట్ల మీద పోయాడని నీకు తెలుసు. ఎలా పోయాడో నీకు తెలియదు, ఎవరికీ చెప్పలేదు.

ఆయన రిటైరయ్యాక కుర్చీకి అతుక్కుపోతే నేనే నడకకి లాగాను. రోజూ ఆరింటికి. ఆ రోజు లేచి, ఇవాళ వద్దు, ఒంట్లో బాలేదన్నాడు. బద్ధకమన్నాను. దిగాం, పార్కు చుట్టూ తిరిగాం, తిరిగి ఎక్కుతున్నాం. రెండో అంతస్తు మలుపు దగ్గర ఆగి, కాసేపు కూర్చుంటానన్నాడు. నేను నాలుగు మెట్లు పైనుండి చప్పట్లు కొట్టాను, మా పిల్లలకి కొట్టినట్టు. పదండి పదండి, పద్దెనిమిదే మెట్లు అన్నాను. నవ్వాడు. నవ్వి లేచి మూడు మెట్లెక్కాడు. అంతే.

అడిగింది కాసేపు కూర్చోవడం. అది కూడా ఇవ్వలేదు నేను.

ఆ మలుపు దాటాలంటే నాకు కాళ్ళు రావు. అప్పటికీ బుద్ధి రాలేదు చూడు, నీ ఉత్తరం అందగానే మళ్ళీ ఈల పట్టుకున్నాను. లేపమని అడిగావని సంతోషంతో పట్టుకున్నాను. నన్ను ఇంకా ఎవరైనా ఏదైనా అడుగుతారని నేననుకోలేదు.

తిట్టు. ఏం రాసినా చదువుతాను.

మీ అక్క


జూన్ 14

అక్కగారికి,

మీ ఉత్తరం అందింది. లేచి కూర్చోగలుగుతున్నాను, ఇది నా చేతిరాతే.

రోజూ ఆరింటికి నేను మీతోపాటు దిగాను. మీ వెనకే పార్కు చుట్టూ తిరిగాను. ఈ పదిహేడు నెలల్లో నా పక్కన ఒక మనిషి ఉందనిపించింది ఆ రెండు నెలలే. అది కూడా లేదని ఇప్పుడు రాశారు. నడుం నొప్పికి మాత్రలున్నాయి, దీనికి ఏం వేసుకోవాలో తెలియడం లేదు.

బావగారి సంగతి చదివాను.

నా వ్యాయామం సంగతి ఆసుపత్రి వాళ్ళు చూసుకుంటారు. కొన్నాళ్ళు ఉత్తరాలు రాయకండి.

తమ్ముడు


ఆగస్టు 3

తమ్ముడూ,

రాయొద్దన్నావు. యాభై రోజులు రాయలేదు. కొన్నాళ్ళంటే ఎన్నో చెప్పలేదు కాబట్టి ఇంతేనని నేనే నిర్ణయించుకున్నాను.

ఈ కాగితం వెనక గీతలున్నాయి, పట్టించుకోకు, దర్జీ ఆవిడ కొలతలు రాసుకునే కాగితం. నేను ఆవిడ కొట్టులో కూర్చుని రాస్తున్నాను. దిగాను.

ఏడింటికి బయల్దేరితే కింద కాలు పెట్టేసరికి తొమ్మిదైంది. ముందు బూట్లు వేసుకుందామని చూశాను. సరిపోయాయని రాశాను చూడు, వేలు బిగుతు, ఒక్క అడుగు పడలేదు. విప్పేసి ఉత్త కాళ్ళతో దిగాను. మలుపు దగ్గర కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. ఆ అంతస్తు వాళ్ళు తలుపు తీసి మంచినీళ్ళిచ్చారు, వాళ్ళేదో అడిగారు, నాకు వినపడలేదు. ఆయన కూర్చోవాలనుకున్న చోటే కూర్చున్నాను. అక్కడ గోడకి చిన్న కిటికీ ఉంది, గాలి బాగా వస్తుంది. అన్నేళ్ళు ఎక్కి దిగి కూడా నేనెప్పుడూ దాన్ని చూడలేదు.

ఇప్పుడొక చిక్కొచ్చింది. పైకి ఎక్కలేకపోతున్నాను. రెండున్నరేళ్ళు కదలని మోకాళ్ళు దిగడానికి ఒప్పుకున్నాయి గానీ ఎక్కడానికి ససేమిరా అంటున్నాయి. ఏడు మెట్లు ఎక్కి మళ్ళీ దిగొచ్చాను. నాలుగు రోజులుగా ఈ కొట్టు వెనక గదిలో పడుకుంటున్నాను. ఊరికే కూర్చోలేక గుండీలు కుడుతున్నాను, నేను కుట్టినవి ఆవిడ నేను చూడకుండా విప్పి మళ్ళీ కుడుతోంది. ముప్పయ్యేళ్ళ డ్రిల్లు టీచరు పరువు దర్జీ కొట్టులో పోయింది.

ఎక్కమని కాదు, ఎక్కొద్దని కాదు, నీ పరీక్ష గురించి నేనేమీ చెప్పను. చెప్పే అర్హత లేదు. ఈ ఏడు మెట్లు మాత్రం నిజంగా ఎక్కానని రాయాలనిపించింది.

మీ అక్క


సెప్టెంబరు 1

అక్కా,

మొన్న పరీక్ష అయింది. నీకు ఇంకెవరి ద్వారానో తెలిసేలోపే నేనే రాయాలని కూర్చున్నాను.

ఆసుపత్రిలో నెలన్నర నడిపించారు. మెల్లగా, ఎవరి లెక్కా లేకుండా. సంచి భుజాన వేసుకుని క్రేను ఎక్కడం మొదలుపెట్టాను. నలభై మెట్లకి మొదటి పలక వస్తుంది, మెట్ల మధ్య నిలబడే ఇనప అరుగు, అక్కడ ఆగలేదు. ఇనుము ఎండకి కాలుతోంది, ఆ వేడి నా చేతులకి ఎంత అలవాటో అప్పుడు తెలిసింది. అరవై దాటాక ఓడలు కనపడ్డాయి. మళ్ళీ ఇంత ఎత్తు వచ్చాననుకుంటూ ఇంకో మెట్టెక్కాను.

డెబ్భై ఒకటో మెట్టు దగ్గర నడుం కలుక్కుమంది. మా మూడో అంతస్తు మలుపులో అయినట్టే. మెట్టు పట్టుకుని నిలబడ్డాను. కింద మెడికల్ ఆఫీసరు గడియారం చూస్తున్నాడు, మావాళ్ళు పదిమంది తలలెత్తి చూస్తున్నారు. నా లోపల ఏమైందో వాళ్ళెవరికీ తెలియదు. ఇంకా యాభై ఐదు. పళ్ళు బిగబట్టి ఎక్కితే ఎక్కేవాణ్ణేమో, పడితే పడేవాణ్ణేమో. ఎక్కరా అని ఒకడు కింద నుంచి అరిచాడు. మంచివాడే, నా మంచికే అరిచాడు.

నావల్ల కాదని నేనే అరిచి చెప్పాను. పలక మీదకి దిగి కాసేపు కూర్చున్నాను. తర్వాత ఒక్కో మెట్టూ దిగాను. ఆఫీసరు ఏమీ అడగకుండా కాగితం మీద రాసేశాడు. సోమవారం నుంచి గేటు గదిలో పని. నా క్రేను ఇంకొకతనికిచ్చారు, మెత్తగానే దించుతాడు, చూశాను. ఇంటికొచ్చి మీ మరదలి ఎదురుగా ఏడ్చాను. చాలాసేపు ఏడ్చాను. ఇందులో దాచాల్సిందేం లేదు.

నీ మీద కోపం పూర్తిగా పోయిందని రాస్తే అది మళ్ళీ తప్పుడు లెక్కవుతుంది. నువ్వు అబద్ధం రాయకపోతే నేను పడేవాణ్ణి కాదు. రాయకపోతే మంచం కూడా దిగేవాణ్ణి కాదు. రెండూ నిజమే, ఏది పెద్దదో నాకు తేలడం లేదు. తేలేదాకా ఉత్తరాలు మానెయ్యడానికి మనిద్దరికీ అంత వయసు మిగల్లేదు.

శనివారం పదకొండు గంటల బస్సుకి వస్తున్నాను. ఇద్దరం కలిసి మీ ఇంటికి ఎక్కుదాం. నాకు నడుం, నీకు మోకాళ్ళు, సాయంత్రమైనా సరే. కూర్చోవాలనిపించిన ప్రతిచోటా కూర్చుందాం. నేను చప్పట్లు కొట్టను, నువ్వూ కొట్టకు.

బావని ఆగనివ్వలేదని రాశావు కదా. ఆ మాట నా దగ్గర మూడు నెలలుంది. డెబ్భై ఒకటో మెట్టు మీద, పైకి చూడాలో కిందికి చూడాలో తెలియనప్పుడు, నాకు గుర్తొచ్చింది అదే. నువ్వు అది రాయకపోయుంటే నేను ఆగేవాణ్ణి కాదక్కా.

నీ తమ్ముడు